అంబాసిడర్ బాడీ, వెనక నాలుగు లింకులు: లాంచ్‌లో (బయలుదేరేటప్పుడు) పట్టు దొరికి 6, 7 మీటర్లకే జారిపోతోంది. బార్లు మార్చాలా, షాకులా?

#1 గోదారి_డ్రాగ్ (రావులపాలెం)

అందరికీ నమస్కారమండి. డ్రాగ్ రేసు (నిలబడిన చోటు నుంచి తిన్నగా పరుగు) బండి వివరాలు ముందే పూర్తిగా ఇస్తున్నాను.

అంబాసిడర్ బాడీ, వీల్‌బేస్ మారలేదు, 97 అంగుళాలు (2464 మి.మీ.). టర్బో పెట్రోల్ ఇంజిన్, సుమారు 300 హార్స్‌పవర్. కమాన్ కట్టలు తీసేసి నాలుగు లింకులు, కాయిల్ ఓవర్ (స్ప్రింగు చుట్టిన) షాకులు, పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కకి జరగకుండా పట్టేది), యాంటీ రోల్ బార్ (బాడీ పక్కకి వాలకుండా ఆపేది) పెట్టాం. డిఫరెన్షియల్‌లో స్పూల్ (రెండు వెనక చక్రాలనీ ఒకే వేగంతో తిప్పేది). వెనక 26 అంగుళాల బయాస్ స్లిక్కులు (గాడుల్లేని రేసు టైర్లు), గాలి 14 పీఎస్ఐ. డ్రైవరుతో కలిపి 1150 కిలోలు.

లింకుల కొలతలు నేల నుంచి: కింది బారు హౌసింగ్ (వెనక ఇరుసు గొట్టం) దగ్గర 210 మి.మీ., ఛాసిస్ దగ్గర 245. పై బారు హౌసింగ్ దగ్గర 430, ఛాసిస్ దగ్గర 355. ముందు వెనక బోల్టుల మధ్య అడ్డంగా 560 మి.మీ. ఛాసిస్ బ్రాకెట్లో రంధ్రాలు 25 మి.మీ. ఎడంలో ఉన్నాయి. సీజీ (గురుత్వ కేంద్రం) ఎత్తు 500 మి.మీ. వచ్చింది. వెనక షాకులు డబుల్ అడ్జస్టబుల్ (సాగుడు, నొక్కుడు విడివిడిగా సర్దుకునేవి), సాగే వైపు పూర్తిగా వదులుగా పెట్టాం.

లక్షణం ఇది. క్లచ్ వదలగానే వెనక బాడీ ఒక్కసారిగా పైకి లేస్తుంది, టైరు పక్కలు బాగా ముడతపడతాయి, పట్టు బ్రహ్మాండంగా ఉంటుంది. 6, 7 మీటర్ల దగ్గర టైర్లు జారిపోతాయి. పైగా ముక్కు కుడికి లాగుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 మోడరేటర్

మంచి ప్రశ్న, మంచి కొలతలు. ఒక్క మాట: ఏటిగట్టు మీదో, 16వ నంబరు హైవే మీదో, 216 మీదో తీసిన టైములూ వీడియోలూ ఇక్కడ పెట్టొద్దు, తీసేస్తాం. డెల్టాలో డ్రాగ్ స్ట్రిప్ లేదు కాబట్టి కొలతలన్నీ షెడ్డులో పూర్తిచేసుకుని, ఎఫ్ఎమ్ఎస్‌సీఐ (దేశంలో మోటారు రేసుల సమాఖ్య) అనుమతి ఉన్న ఈవెంట్లో పరుగు తీయండి. స్లిక్కు టైరు మామూలు రోడ్డు మీద ఏ సమాచారమూ ఇవ్వదు కూడా.

#3 నాలుగులింకులు (కాకినాడ)

ముందు మీ లెక్క తేల్చేద్దాం. కింది బారు గీతని, పై బారు గీతని ముందుకు పొడిగిస్తే రెండూ కలిసే చోటు ఇన్‌స్టంట్ సెంటర్. వెనక ఇరుసు బాడీని తోసేది ఊహలో ఆ బిందువు దగ్గరే.

మీ కింది బారు 560 మి.మీ. పొడవునా 35 పైకి లేస్తోంది. పై బారు 75 కిందికి దిగుతోంది. మొత్తం 110 దగ్గరవుతున్నాయి. హౌసింగ్ దగ్గర ఎడం 220. అంటే 560 × 220 ÷ 110 = 1120 మి.మీ. ముందు కలుస్తాయి. అక్కడ ఎత్తు 210 + 70 = 280.

ఇప్పుడు వెనక టైరు నేలకి తగిలే చోటు నుంచి ఆ బిందువు గుండా గీత గీసి ముందు చక్రం దాకా తీసుకెళ్ళండి. 280 ÷ 1120 × 2464 = 616 మి.మీ. సీజీ ఎత్తు 500 కాబట్టి యాంటీ స్క్వాట్ (వెనక కూర్చోకుండా బార్లు ఎంత ఆపుతాయో చెప్పే అంకె) 123 శాతం.

100 శాతం దగ్గర వెనక భాగం కూర్చోదు, లేవదు. అంతకు తగ్గితే కూర్చుంటుంది, మించితే లేస్తుంది. 123 శాతం, దానికి తోడు సాగే వైపు పూర్తి వదులు షాకు. బాడీ లేస్తున్నంతసేపూ ఆ తోపు టైరుని నేలకేసి నొక్కుతుంది, అందుకే మొదటి పట్టు అంత బాగుంది. లేవడం ఆగిన క్షణం లెక్క తిరగబడుతుంది. షాకు చివరిదాకా సాగి ఆగిందంటే ఇరుసుని పైకి లాగుతుంది కూడా. మీ 6, 7 మీటర్లు అక్కడే.

అదే బ్రాకెట్లో మీకున్న దారులు చూడండి:

కింది బారు ముందు రంధ్రం ఒకటి దించితే (245 నుంచి 220): ఇన్‌స్టంట్ సెంటర్ 1449 మి.మీ. ముందుకి, 236 ఎత్తుకి పోతుంది. యాంటీ స్క్వాట్ 80 శాతం.

దాంతోపాటు పై బారు ముందు రంధ్రం కూడా ఒకటి దించితే (355 నుంచి 330): 1120 మి.మీ., ఎత్తు 230. 101 శాతం.

రెండోదాన్ని గమనించండి. పొడవు మీ ఇప్పటి 1120 అలాగే ఉంది, ఎత్తు ఒక్కటే 280 నుంచి 230కి దిగింది. టైరుకి తగిలే దెబ్బ వేగంలో పెద్ద తేడా రాకుండా లేపే బలం మాత్రం తగ్గుతుంది. మీ బండికి నేను ఎంచుకునేది ఇదే.

#4 గోదారి_డ్రాగ్

చాలా స్పష్టంగా ఉందండి. ఒక సందేహం. యాంటీ స్క్వాట్ తగ్గిస్తే వెనక్కి వచ్చే బరువు తగ్గదా? పట్టు పోతుందేమోనని భయం.

#5 నాలుగులింకులు

తగ్గదండి. ఈ అపోహ వల్లే చాలామంది బార్లు పైపై రంధ్రాల్లో పెట్టి వదిలేస్తారు.

వెనక్కి వచ్చే బరువు = మొత్తం బరువు × త్వరణం × సీజీ ఎత్తు ÷ వీల్‌బేస్. ఒక జీ (భూమ్యాకర్షణంత త్వరణం) దగ్గర మీకు 1150 × 500 ÷ 2464 = 233 కిలోలు. ఇందులో బార్ల కోణం ఎక్కడా లేదు. సీజీ ఎత్తు, వీల్‌బేస్, త్వరణం మారితే తప్ప ఆ 233 మారదు. ఆ బరువు ఏ దారిలో వస్తుంది, ఎంత త్వరగా వస్తుంది అన్నదే బార్ల పని. యాంటీ స్క్వాట్ ఎక్కువైతే గట్టి లింకుల గుండా వెంటనే వస్తుంది, తక్కువైతే స్ప్రింగు నొక్కుకుంటూ నెమ్మదిగా వస్తుంది. వచ్చినదాన్ని నిలబెట్టేది షాకు.

అందుకే జిగురు చల్లి రబ్బరు పట్టిన స్ట్రిప్ మీద పనిచేసిన సెట్టింగు ఉత్త రన్‌వే మీద పనిచేయదు. వెనక 48 శాతం బరువు ఉన్న బండికి ఒక జీ కావాలంటే టైరు ఘర్షణ గుణకం సుమారు 1.46 ఉండాలి. అంత పట్టు జిగురు చల్లి రబ్బరు పరిచిన ట్రాక్ మీద స్లిక్కుకి దొరుకుతుంది. మామూలు తారు మీద గుణకం 0.9 అనుకుంటే ఈ బండి 0.53 జీ దాటదు, బరువు కూడా 123 కిలోలే వెనక్కి వస్తుంది. ట్రాక్ మారితే సెట్టింగు మారాల్సిందే.

60 అడుగుల టైముతో సరిచూసుకోండి. 60 అడుగులు అంటే 18.29 మీటర్లు. 2 సెకన్లలో దాటితే సగటు త్వరణం సుమారు 0.93 జీ.

#6 షాక్‌డాక్టర్ (భీమవరం)

లెక్కలతో ఏకీభవిస్తాను, వరసతో కాదు. బార్లు ముట్టుకోకముందు షాకు తిప్పండి. నాబు తిప్పడానికి అర నిమిషం చాలు. బారు మారిస్తే పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్టు తగిలే హౌసింగ్ ముక్కు) కోణం, ఇరుసు సరిగ్గా అడ్డంగా ఉందా అన్నది, మూలల తూకం (ఒక్కో చక్రం మీది బరువు) అన్నీ మళ్ళీ చూసుకోవాలి. పైగా పూర్తి వదులు షాకుతో ఏ బారు సెట్టింగూ తన నిజం చెప్పదు.

ముందు షాకు ఏ స్థితిలో కూర్చుందో చూడండి. డ్రైవరు కూర్చున్నాక రాడ్డు మొత్తం ప్రయాణంలో సుమారు 40 శాతం సాగడానికి, 60 శాతం నొక్కుకోవడానికి మిగలాలి. 125 మి.మీ. షాకైతే సాగడానికి 50 మి.మీ. రాడ్డుకి చిన్న జిప్ టై కట్టండి, నొక్కుడు ఎంతో అది చెబుతుంది. సాగుడు తెలియాలంటే వెనక ఫెండరు అంచు, చక్రం మధ్య బొడ్డు రెండూ కనిపించేలా పక్కనుంచి స్లో మోషన్ వీడియో తీయండి. ఫెండరు మీద 25 మి.మీ. కొకటి తెల్ల టేపు ముక్కలు అంటించండి.

వీడియోలో చూడాల్సినవి:

బాడీ విసురుగా లేచి, టైరు ముడతపడి, ముడత విప్పుకుంటూ జారిందంటే వెనక సాగే వైపు బిగించాలి. ఇది మీ కేసు. ఒకేసారి మూడు క్లిక్కులు బిగించండి, తేడా కళ్ళకి కనపడాలి కదా. తర్వాత ఒక్కో క్లిక్కు.

బాడీ కదలకముందే, టైరు ముడత కూడా పడకుండా మొదటి అడుగులోనే జారిందంటే దెబ్బ చాలలేదు. సాగే వైపు వదలాలి. పూర్తిగా వదిలినా చాలకపోతే అప్పుడు బార్లు.

మొదట బాగా లేచి 15, 20 మీటర్ల దగ్గర వెనక కూలబడిందంటే నొక్కుడు వైపు బిగించాలి.

రెండో గేరు వేసినప్పుడు జారితే ముందు షాకుల మీద కూడా అనుమానపడండి. ముక్కు మొదట లేచి, గేరు మారే లోపు కిందపడి, మళ్ళీ లేస్తుంటే బరువు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ముందు షాకు నొక్కుడు వైపు రెండు క్లిక్కులు బిగిస్తే పడటం నెమ్మదిస్తుంది. ముక్కు మరీ ఎత్తుకి పోతుంటే ముందు సాగుడుకి పట్టీ కట్టడం మేలు.

స్ప్రింగు గురించి రాయలేదు మీరు. వెనక 552 కిలోల్లో ఇరుసు, చక్రాలు సుమారు 150 పోతే స్ప్రింగుకి 200 చొప్పున పడుతుంది. మిల్లీమీటరుకి 2 కిలోల స్ప్రింగు 100 మి.మీ. నొక్కుకుని నిలుస్తుంది. అది సరిపోతుంది. గట్టి స్ప్రింగు వేసి వెనక కూర్చోకుండా ఆపుదామనుకోవద్దు, ఆ పని బార్లది. షాకులు వాలుగా బిగిస్తే స్ప్రింగు బలం తగ్గుతుందని కూడా లెక్కలో వేసుకోండి: 15 డిగ్రీలు వాలితే 93 శాతం, 30 డిగ్రీలైతే 75 శాతమే పనికొస్తుంది.

#7 రాజమండ్రి_లేత్

కుడికి లాగడం ఎవరూ ఎత్తలేదు. అది వేరే జబ్బు, వేరే మందు.

ప్రొపెల్లర్ షాఫ్టు మెలి హౌసింగ్‌ని కూడా తిప్పాలని చూస్తుంది. మామూలు దిక్కులో తిరిగే ఇంజిన్లకి ఆ మెలి ఎడమ వెనక టైరుని నొక్కి, కుడి వెనక టైరుని లేపుతుంది. స్పూల్ ఉంది కాబట్టి రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి, పట్టు ఎక్కువున్న ఎడమ టైరు ఎక్కువ తోస్తుంది. ముక్కు కుడికి పోతుంది. మీ ఇంజిన్ తిరిగే దిక్కు ఒకసారి చూసుకోండి, ఉల్టా తిరిగే ఇంజినైతే మొత్తం తారుమారు.

అమెరికా వీడియోలు చూసేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త. వాళ్ళు ప్యాసింజర్ వైపు వెనక టైరుకి బరువు పెంచమంటారు. వాళ్ళకి ప్యాసింజర్ వైపంటే కుడి, మనకి ఎడమ. దాన్ని యథాతథంగా చేస్తే బండి ఇంకా కుడికి పోతుంది. మన డ్రైవరు కుడి వైపే కూర్చుంటాడు, ఆయన బరువు మనకి కలిసొచ్చేదే.

ముందు నాలుగు మూలల తూకం వేయండి. రేసింగ్ కాటాలు కొనక్కర్లేదు. 500 కిలోల ప్లాట్‌ఫారం కాటాలు రైసు మిల్లుల్లోనూ రొయ్యల కొనుగోలు దగ్గరా ఉంటాయి, ఒకే రకంవి నాలుగు తెచ్చుకోండి. ఒకే బరువు నాలుగింటి మీదా పెట్టి చూసి, తేడా ఉంటే కాటా మీద సుద్దతో రాసుకోండి.

నేల విషయం మన దగ్గర అందరికంటే ఎక్కువ చూసుకోవాలి. నల్లరేగడి మీద వేసిన షెడ్డు గచ్చు ఒక సీజనులో ఒక మూల దిగిపోతుంది. పోయినేడు మట్టం చూశాం కదా అనుకోవద్దు. మిల్లు ఆవరణలో ధాన్యం ఆరబోసే గచ్చు దొరికితే మంచిదే, కానీ అది వాన నీరు పోవడానికి వాలుగా వేస్తారు. తాపీమేస్త్రీల వాటర్ లెవెల్ ట్యూబుతో నాలుగు కాటాల పైతలాలూ ఒకే మట్టానికి తెచ్చి, కిందుగా ఉన్నవాటి కింద రేకు ముక్కలు పెట్టండి. 2 మి.మీ. కంటే తేడా ఉండకూడదు.

టైరు కింద గ్రీజు రాసిన రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టాలి. లేకపోతే టైరు పక్కకి జారలేక బిగుసుకుని తప్పుడు బరువు చూపిస్తుంది. డ్రైవరు హెల్మెట్‌తో సహా కూర్చోవాలి, పెట్రోలు పరుగుకి ఎంత పోస్తారో అంతే ఉండాలి, గాలి పరుగు పీఎస్ఐలోనే ఉండాలి. ప్రతి మార్పు తర్వాత బాడీని నాలుగుసార్లు నొక్కి వదిలి అప్పుడు అంకె రాయండి.

రెండు తూకాలు కావాలి: యాంటీ రోల్ బార్ లింకు బిగించి ఒకటి, ఒక పక్క లింకు విప్పి ఒకటి. రెండూ ఇక్కడ పెట్టండి.

#8 కమాన్‌కట్ట (పాలకొల్లు)

మధ్యలో అడుగుతున్నాను, క్షమించాలి. మాది కూడా అంబాసిడరే, కానీ కమాన్ కట్టలతోనే. సుమారు 150 హార్స్‌పవర్. లాంచ్‌లో వెనక ఇరుసు దడదడలాడిపోతుంది. నాలుగు లింకులకి డబ్బు లేదు. దీంతోనే ఏమైనా చేయొచ్చా?

#9 రాజమండ్రి_లేత్

చేయొచ్చు తమ్ముడూ, ఆ పవరుకి కమాన్ కట్టలు చాలు.

ఆ దడ ఎలా వస్తుందంటే, టార్కుకి హౌసింగ్ ముక్కు పైకి లేస్తుంది, కట్ట ముందు సగం ఎస్ ఆకారంలో మెలిపడుతుంది. టైరు జారగానే ఆ మెలి విప్పుకుని టైరుని నేలకేసి కొడుతుంది, పట్టు దొరికి మళ్ళీ మెలిపడుతుంది. సెకనులో పలుమార్లు ఇదే. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు (యూనివర్సల్ జాయింట్లు), సెంటర్ బోల్టు దీనివల్లే తెగుతాయి.

కట్ట ముందు సగాన్ని, అంటే ముందు కన్ను (కట్ట చివర బోల్టు దూరే చుట్ట) నుంచి ఇరుసు దాకా ఉన్నదాన్ని, రెండు క్లాంపులతో ఆకులన్నీ కలిసేలా బిగించు. వెనక సగానికి ఉన్న క్లిప్పులు కొంచెం వదులు చెయ్యి, ఆకులు జారగలగాలి. ముందు సగం లింకులా, వెనక సగం స్ప్రింగులా పనిచేస్తాయి. రెండు సగాలూ బిగిస్తే బండి చెక్కబల్లలా అయిపోతుంది, బరువు మారదు.

తర్వాత ట్రాక్షన్ బార్లు. యూ బోల్టు ప్లేటు కింద వెల్డు చేసి ముందుకు తెచ్చిన చతురస్రపు గొట్టం, చివర రబ్బరు. ఆ రబ్బరు సరిగ్గా ముందు కన్ను కిందే తగలాలి. కన్ను దాకా చేరకుండా ఆకు మధ్యలో తగిలితే ఆకు అక్కడే విరుగుతుంది. ఖాళీ 12 నుంచి 20 మి.మీ. తో మొదలుపెట్టి, కుడి వైపు ఎడమ కంటే తక్కువ ఖాళీ ఉంచు. కుడి టైరు ముందుగా నొక్కుకుంటుంది.

కమాన్ కట్టకి పినియన్ ముక్కు 5, 6 డిగ్రీలు కిందికి ఉండాలి, ప్రొపెల్లర్ షాఫ్టుతో పోల్చి. కట్టకీ ఇరుసు సీటుకీ మధ్య ఏటవాలు షిమ్ములు పెట్టి తెచ్చుకోవచ్చు. అరిగిన షాకిల్ బుష్షులతో ఇవన్నీ చేసినా వృథా, ముందు అవి మార్చు. యూ బోల్టులు కొత్తవి వేసి, రెండు లాంచ్‌ల తర్వాత మళ్ళీ బిగించు.

#10 గోదారి_డ్రాగ్

తూకాలు ఇవిగోనండి. ఇంజిన్ మామూలు దిక్కులోనే తిరుగుతుంది.

యాంటీ రోల్ బార్ బిగించి: ముందు ఎడమ 292, ముందు కుడి 306, వెనక ఎడమ 284, వెనక కుడి 268. మొత్తం 1150.

లింకు విప్పాక: ముందు ఎడమ 299, ముందు కుడి 299, వెనక ఎడమ 277, వెనక కుడి 275.

#11 రాజమండ్రి_లేత్

చూశారా, 16 కిలోల తేడాలో 14 యాంటీ రోల్ బార్‌దే. లింకు పొడవు సరిగ్గా లేకుండా బిగించి ఉంటారు, బార్ ముందే మెలిపడి ఉంది. కావలసిన కుడి టైరునే అది లేపుతోంది.

డ్రైవరుని కూర్చోబెట్టి, లింకు పొడవు సరిచేసి, బోల్టు వేళ్ళతో తోస్తే దూరిపోయేలా చూసుకోండి. సుత్తి కావాల్సివస్తే ఇంకా మెలి ఉన్నట్టే.

దీనిపైన ప్రీలోడ్ (ఒక టైరు మీద ముందే పెట్టే అదనపు బరువు) ఇవ్వాలంటే కుడి పై బారుని పొట్టి చేయాలి. పై బారు పొట్టైతే హౌసింగ్ కుడి భాగం మీద టైరుని కిందికి తోసే మెలి పడుతుంది. మీ బార్ల మర ఎం18 (18 మి.మీ.), 1.5 పిచ్ అయితే, ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర ఉంటే ఒక చుట్టుకి 3 మి.మీ., ఒక ఫ్లాటుకి (ఆరు ముఖాల్లో ఒకటి) అర మి.మీ. ఒక్కో ఫ్లాటు తిప్పి తూకం రాసుకోండి.

#12 నాలుగులింకులు

ఇక్కడ నాది వేరే మాట. పనిచేసే యాంటీ రోల్ బార్ ఉన్న బండికి స్టాటిక్ ప్రీలోడ్ సున్నా ఉండాలి. ప్రీలోడ్ ఎప్పుడూ ఒకే అంకె. ఇంజిన్ మెలి గేరుకి, బూస్టుకి (టర్బో ఒత్తిడికి) తగ్గట్టు మారుతుంది. మొదటి గేరుకి సరిపోయిన ప్రీలోడ్ మూడో గేరులో ఎక్కువై బండిని ఎడమకి లాగుతుంది, ఆ వేగంలో అది ప్రమాదం. యాంటీ రోల్ బార్ మాత్రం మెలి ఎంతుంటే అంతే ఎదురు నిలుస్తుంది.

ముందు బార్ సున్నాకి తెచ్చి పరిగెత్తించి చూడండి. అప్పటికీ కుడికి పోతే బార్ బలం చాలడం లేదు. బార్ చేతులు పొట్టి చేయండి, లేదా లావు గొట్టం వేయండి.

#13 రాజమండ్రి_లేత్

సున్నాతో మొదలుపెట్టడం సరైనదే, ఒప్పుకుంటాను. కానీ ఈవెంట్ రోజు బార్ మార్చలేరు. అక్కడ కుడికి లాగితే రెండు మూడు ఫ్లాట్లు ఇచ్చుకోవడంలో తప్పులేదు, షెడ్డుకి తిరిగొచ్చాక తీసేసి బార్ సంగతి చూడాలి. అందుకే ఎన్ని ఫ్లాట్లకి ఎన్ని కిలోలు మారుతుందో ముందే కాగితం మీద ఉండాలంటున్నాను.

#14 గోదారి_డ్రాగ్

యాంటీ రోల్ బార్ సున్నాకి తెచ్చానండి. లింకు విప్పి కుడి పై బారు ఐదు ఫ్లాట్లు పొట్టి చేసి చూస్తే వెనక ఎడమ 270, కుడి 282 వచ్చింది. రాసుకుని మళ్ళీ వెనక్కి తిప్పేశాను. బార్లు 101 శాతం రంధ్రాల్లోకి మార్చాల్సి వస్తే పొడవులు కూడా మార్చాలా?

#15 నాలుగులింకులు

తప్పనిసరి. రంధ్రం మారిస్తే రెండు బోల్టుల మధ్య దూరం మారుతుంది.

పై బారు: ఇప్పుడు 560 అడ్డం, 75 నిలువు. అసలు పొడవు 565.0. రంధ్రం దించాక 560, 100. పొడవు 568.9. అంటే 3.9 మి.మీ. పొడిగించాలి, ఒక చుట్టూ రెండు ఫ్లాట్లు. పొడిగించకుండా బలవంతంగా బోల్టు దూర్చితే హౌసింగ్ పైభాగం ముందుకు వాలి పినియన్ ముక్కు ఒక డిగ్రీ కిందికి పోతుంది.

కింది బారు: 561.1 నుంచి 560.1. ఒక మి.మీ. పొట్టి, రెండు ఫ్లాట్లు.

రెండు వైపులా సమానంగా తిప్పాక కూడా మూడు సరిచూడాలి. ఒకటి, పినియన్ కోణం. నాలుగు లింకులకి ప్రొపెల్లర్ షాఫ్టుతో పోల్చి 1 నుంచి 2 డిగ్రీలు ముక్కు కిందికి చాలు, రాడ్ ఎండ్లలో (బార్ల చివరి బంతి కీళ్ళలో) రబ్బరు లేదు కాబట్టి కమాన్ కట్టలంత మెలి రాదు. బండి బరువు టైర్ల మీదే ఉండగా డిజిటల్ యాంగిల్ గేజితో చూడండి, జాకీల మీద కాదు. రెండు, వీల్‌బేస్ రెండు వైపులా 1 మి.మీ. లోపు సమానంగా ఉందా అని. గుండుదారం చక్రం మధ్య నుంచి నేలకి వదిలి, గుర్తులు పెట్టి, బండి తోసేసి గుర్తుల మధ్య కొలవండి. మూడు, మూలల తూకం మళ్ళీ.

సీజీ ఎత్తు 500 అన్నారు. ఎలా కొలిచారో తెలియదు గానీ, మిగతావాళ్ళ కోసం పద్ధతి రాస్తున్నా. సస్పెన్షన్ కదలకుండా షాకుల స్థానంలో గట్టి కడ్డీలు బిగించాలి. వెనక చక్రాలు కాటాల మీద ఉంచి, ముందు ఇరుసుని 450 మి.మీ. ఎత్తాలి, బ్రేకులు వదిలి, గేరు న్యూట్రల్‌లో. వెనక బరువు ఎంత పెరిగిందో చూసి, ఆ పెరుగుదలని వీల్‌బేస్‌తో గుణించి, మొత్తం బరువు × వాలు కోణపు టాన్‌తో భాగించి, వచ్చినదానికి చక్రం మధ్య ఎత్తు కలపాలి. ఈ బండికి కోణం 10.5 డిగ్రీలు, చక్రం మధ్య ఎత్తు 320, పెరుగుదల 15.6 కిలోలు మాత్రమే వస్తే 500 తేలుతుంది. కాటా 2 కిలోలు తప్పు చూపిస్తే సీజీ 23 మి.మీ. తప్పుతుంది. మూడుసార్లు ఎత్తి దించి కొలవండి.

#16 షాక్‌డాక్టర్

గాలి గురించి. 1150 కిలోల బండికి 26 అంగుళాల బయాస్ స్లిక్కులో 14 ఎక్కువే. 12తో మొదలుపెట్టి అర పీఎస్ఐ చొప్పున దిగండి. ట్రాక్ మీద పడిన నల్ల మచ్చ చూడండి: మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటే గాలి ఎక్కువ. అంచులే నల్లగా ఉంటే తక్కువ. చివర్లో బండి పక్కలకి ఊగుతుంటే కూడా తక్కువే. అంత తక్కువ గాలికి రిమ్ము లోపల టైరు తిరగకుండా స్క్రూలు, లోపల ట్యూబు కావాలి.

గాలి ఉదయం కొట్టి మధ్యాహ్నం పరిగెత్తొద్దు. మే నెల కాకినాడ ఎండలో నిలబెట్టిన టైరులో ఒకటి ఒకటిన్నర పీఎస్ఐ పెరిగిపోతుంది, ఎండ పడిన వైపు టైరు ఇంకా ఎక్కువ. గోనెసంచి కప్పి ఉంచండి, లైన్లోకి వెళ్ళేముందు మళ్ళీ కొలవండి.

స్పూల్ ఉంది కాబట్టి రెండు టైర్ల చుట్టుకొలత కూడా టేపుతో చూడండి. 3 మి.మీ. లోపు ఉండాలి. అంతకంటే పెద్ద తేడా ఉంటే పెద్ద టైరు ఏ వైపుంటే దానికి ఎదురు వైపుకి బండి తిరుగుతుంది, మీరు దాన్ని ప్రీలోడ్ అనుకుని బార్లు తిప్పుకుంటూ కూర్చుంటారు.

#17 కమాన్‌కట్ట

పాన్‌హార్డ్ రాడ్ ఉన్నప్పుడు ఇరుసు పక్కకి జరగదా? నాలుగు లింకులకి ఎప్పుడైనా వెళ్తే అది పెట్టాలా, డయాగొనల్ బారా?

#18 రాజమండ్రి_లేత్

జరుగుతుంది, కానీ ఎంత అన్నది ముఖ్యం. 800 మి.మీ. రాడ్డు డ్రైవరు కూర్చున్నప్పుడు నేలకి సమాంతరంగా ఉంటే, బాడీ 75 మి.మీ. లేచినా ఇరుసు 3.5 మి.మీ. మాత్రమే పక్కకి పోతుంది. అదే రాడ్డు ముందే 50 మి.మీ. వాలుగా బిగించి ఉంటే, అదే దిక్కులో ఇంకో 75 కదిలితే 8 మి.మీ. పైగా పోతుంది. సమాంతరంగా పెట్టగలిగితే పాన్‌హార్డ్ చాలు. డయాగొనల్ బారు కింది రెండు బార్ల మధ్య ఐమూలగా వస్తుంది, ఇరుసు పక్కకి జరగదు, స్థలం కూడా తక్కువ. పూర్తిగా డ్రాగ్ బండి అయితే డయాగొనలే పెట్టు.

#19 గోదారి_డ్రాగ్

అందరికీ ధన్యవాదాలు. చేస్తున్న వరస: యాంటీ రోల్ సున్నా అయిపోయింది. గాలి 12. వెనక సాగే వైపు మూడు క్లిక్కులు. బార్లు ఇప్పుడున్న రంధ్రాల్లోనే, వీడియో చూశాక అవసరమైతే 101కి. ఒక్కటి మిగిలింది. రాడ్ ఎండ్లు రెండు కటకటమంటున్నాయి, బయట తుప్పు కనిపిస్తోంది. మార్చాలా, గ్రీజు చాలా?

#20 రాజమండ్రి_లేత్

మార్చండి. లోపల టెఫ్లాన్ లైనరు ఉన్నవాటికి గ్రీజు పెట్టకూడదు, దుమ్ము పట్టి లైనరుని ఇంకా తినేస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో బంతి మీద ఉప్పు తుప్పు పట్టి లైనరుని గీరేస్తుంది, కటకట దానిదే. బారుని చేత్తో పైకీ కిందికీ ఊపినప్పుడు ఆట తెలిసిందంటే ఆ ఆట లాంచ్‌లో పినియన్ కోణంలోకి పోతుంది. కొత్తవి వేశాక రబ్బరు బూట్లు తొడగండి, వానాకాలం బండి నిలబెట్టేటప్పుడు పలచగా నూనె గుడ్డతో తుడవండి.

ఎం18కి మర కనీసం 27 మి.మీ. బారులోకి దూరి ఉండాలి. జామ్ నట్టు బిగించాక నట్టు, బారు మీదుగా పెయింటు గీత గీయండి, గీత తప్పితే నట్టు తిరిగినట్టు. బోల్టులు 10.9 గ్రేడువి, బ్రాకెట్ రెండు చెంపల మధ్య వచ్చేలా. బోల్టు నున్నటి భాగమే రంధ్రంలో ఉండాలి, మర భాగం కాదు.

కింద పడుకున్నప్పుడే ప్రొపెల్లర్ షాఫ్టు లూపు కూడా చూడండి. ముందు క్రాసుకి 6 అంగుళాల లోపు, 6 మి.మీ. మందం, 50 మి.మీ. వెడల్పు ఇనప పట్టీ షాఫ్టు చుట్టూరా ఉండాలి. స్లిక్కులతో ఆ పట్టు దొరికాక తెగేది ముందు క్రాసే, తెగిన షాఫ్టు ఫ్లోరు చీల్చుకుని డ్రైవరు కాళ్ళ దగ్గరికి వస్తుంది. అది లేకుండా లైన్లోకి వెళ్ళొద్దు.